జపాన్ ప్రధానుల వరుస: 104 అంకె ఎక్కడిది, 66 ఎక్కడిది?

#1 వెంకట్_కాకినాడ

జపాన్ ప్రధానుల పట్టిక ఒకటి తెలుగులో తయారవుతోంది. 1885 నాటి ఇతో హిరొబుమి మొదలుకొని 2025 అక్టోబరు 21న పదవిలోకి వచ్చిన తకయిచి సనయె దాకా. మూడు చోట్ల బండి ఆగింది. తెలిసినవాళ్లు ఓ చెయ్యి వెయ్యండి.

ఒకటి. తకయిచి "104వ ప్రధాని" అని కొన్నిచోట్ల, "66వ వ్యక్తి" అని కొన్నిచోట్ల కనిపిస్తోంది. పేర్లు లెక్కపెడితే 66 వస్తున్నాయి. మిగతా 38 ఎక్కడివి?

రెండు. 2006 సెప్టెంబరు 26 నుంచి 2012 డిసెంబరు 26 లోపు ఆరుగురు మారారు. అబె 366 రోజులు, ఫుకుద 365, అసో 358, హతొయమ 266, కన్ 452, నొద 482. కూడితే 2289. క్యాలెండర్ ముందేసుకుని మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకొని లెక్కించినా 2284 దాటడం లేదు. ఆ ఐదు రోజులు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

మూడు. "ఎంపిక చేసింది ఎవరు" అని ఒక గడి పెట్టాను. 1947 తర్వాతి వాళ్లకు పార్లమెంటు అని రాస్తే సరిపోతుంది. అంతకుముందు అందరికీ "చక్రవర్తి" అని ఒకే మాట దించేయొచ్చా?

#2 లెక్కల_మాస్టారు

రెండోది సులువు, ముందు దాని సంగతి చూద్దాం వెంకట్ గారూ.

జపాన్ లెక్కలో దిగిపోయే రోజు దిగేవారి ఖాతాలో పడుతుంది, ఎక్కేవారి ఖాతాలోనూ పడుతుంది. 2007 సెప్టెంబరు 26 అబెకూ ఉంది, ఫుకుదకూ ఉంది. ఆరుగురి మధ్య మార్పిడులు ఐదు. 2284కు ఐదు కలిపితే మీ 2289 వచ్చేసింది. తప్పేమీ లేదు.

షీట్‌లో సూత్రం ఇలా పెట్టండి: చివరి తేదీలోంచి మొదటి తేదీ తీసేసి 1 కలపాలి. ఆ 1 మరిచిపోతే అబె తొలి విడత 365, ఫుకుద 364 అయి కూర్చుంటాయి.

ఇంకో గుంట ఉంది, చాలామంది అందులోనే పడతారు. అబె రెండో రాకలో మూడు వరుస సంఖ్యలున్నాయి. 96వది 2012 డిసెంబరు 26 నుంచి 2014 డిసెంబరు 24 దాకా 729 రోజులు. 97వది అక్కణ్నుంచి 2017 నవంబరు 1 దాకా 1044. 98వది 2020 సెప్టెంబరు 16 దాకా 1051. మూడూ కూడితే 2824. అసలు అంకె 2822. మనిషి మారలేదు కాబట్టి మధ్యలో రెండుసార్లు పడ్డ రోజులు రెండూ తీసెయ్యాలి. దానికి తొలి విడత 366 చేరిస్తే 3188, అదే అందరికన్నా ఎక్కువ. తర్వాతి స్థానాల్లో కత్సుర తారో 2886, సతో ఎయ్‌సకు 2798, ఇతో 2720.

కాబట్టి రోజుల గడి రెండు రకాలుగా ఉండాలి: వరుస సంఖ్యకు ఒకటి, మనిషికి ఒకటి. ఒకదాన్ని కూడి రెండోది తెద్దామంటే కుదరదు.

#3 తూర్పుగాలి

మొదటి ప్రశ్న నాకు వదలండి.

జపాన్‌లో సంఖ్య మనిషికి కాదు, నియామకానికి. ఇతో నాలుగుసార్లు ప్రధాని అయ్యాడు, అతనివి 1, 5, 7, 10. మీ 38ని చీల్చి చూపిస్తాను, పట్టికతో సరిచూసుకోండి.

1945 దాకా అదనంగా వచ్చినవి 13: ఇతోకు 3, కత్సురకు 2 (11, 13, 15), కొనొయెకు 2 (34, 38, 39). యమగత, మత్సుకత, ఓకుమ, సయొంజి, యమమొతొ, వకత్సుకిలకు ఒక్కొక్కటి.

యొషిద షిగెరు నుంచి ఇటు 25: యొషిదకు 4 (45, తర్వాత 48 నుంచి 51), అబె షింజోకు 3, హతొయమ ఇచిరో, ఇకెద, సతో, నకసొనె, కొయిజుమిలకు రెండేసి, కిషి, తనక కకుయెయి, ఓహిర, కయిఫు, హషిమొతొ, మొరి, కిషిద, ఇషిబలకు ఒక్కొక్కటి.

13, 25 కలిపి 38. 104లోంచి తీస్తే 66. ఎక్కడైనా ఒకటి తేడా వస్తే ముందు కొనొయె, యొషిద వరుసలు చూడండి. నూటికి తొంభైపాళ్లు అక్కడే జారుతుంది.

#4 సింగరేణి_చిన్నోడు

ఒక డౌట్ అన్నా. మనిషి అదే ఉంటే నంబర్ ఎందుకు మారుతది? మంత్రులను మార్చినప్పుడల్లా మారుతదా?

#5 తూర్పుగాలి

మంత్రుల మార్పులతో మారదు తమ్మీ. మంత్రివర్గమంతా రాజీనామా చేసి, ప్రధానిని మళ్లీ ఎన్నుకుంటేనే మారుతుంది. ఇప్పటి రాజ్యాంగం 70వ అధికరణం ప్రకారం దిగువ సభ ఎన్నికల తర్వాత డైట్ (అక్కడి పార్లమెంటు) మొదటిసారి కూడినప్పుడు, గెలిచినా సరే, మంత్రివర్గం మొత్తం రాజీనామా చేయాల్సిందే. కిషిద ఫుమియొ 2021 అక్టోబరు 4న 100వ ప్రధాని అయ్యాడు, వెంటనే ఎన్నికలు పెట్టాడు, నవంబరు 10న 101 అయ్యాడు. ఆ 100వ మంత్రివర్గం బతికింది 38 రోజులు, అన్నిటికన్నా పొట్టిది అదే. కానీ మనిషిగా కిషిద 1094 రోజులున్నాడు. "అతి తక్కువ కాలం పనిచేసిన ప్రధాని" అని అడిగితే జవాబు హిగషికుని యువరాజు, 1945లో 54 రోజులు. ప్రశ్న మంత్రివర్గం గురించా, మనిషి గురించా అన్నది చూసుకోవాలి.

పాత రాజ్యాంగంలో కారణం వేరు. కొనొయె ఫుమిమరొ 38, 39 చూడండి. 1941 జులైలో విదేశాంగ మంత్రి మత్సుఒక యోసుకెను వదిలించుకోవాలి. ఆ రోజుల్లో ప్రధానికి మంత్రిని తీసేసే అధికారం లేదు. అందుకని జులై 16న మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది, 18న మత్సుఒక లేకుండా అదే కొనొయె కొత్త మంత్రివర్గంతో వచ్చాడు. ఒక్క మంత్రిని దించడానికి ఒక వరుస సంఖ్య ఖర్చయిందన్నమాట.

1944లో అదే లోపం అప్పటి ప్రధాని తోజోకు ఎదురుతిరిగింది. యుద్ధంలో సయిపాన్ దీవి చేజారాక మంత్రివర్గాన్ని మార్చి నిలబడదామనుకుంటే ఒక మంత్రి రాజీనామాకు ససేమిరా అన్నాడు. తోజో మంత్రివర్గమే కూలింది. ఆ మంత్రి పేరు కిషి నొబుసుకె. 1957లో ప్రధాని అయిన కిషి ఆయనే.

#6 అనుపమ_ఎల్

మూడో ప్రశ్నకు: వద్దు వెంకట్ గారూ, "చక్రవర్తి" అని దించేయకండి. కాగితం మీద నిజమే, ఆజ్ఞ చక్రవర్తిదే. కానీ ఆ గడి నింపితే పాఠకుడికి ఏమీ తెలియదు. 1889 నాటి రాజ్యాంగంలో ప్రధానమంత్రి అన్న మాటే లేదు. 55వ అధికరణంలో మంత్రులు ఎవరికి వారు చక్రవర్తికి సలహా ఇస్తారని మాత్రమే ఉంది. తర్వాతి ప్రధాని ఎవరో రాజ్యాంగం చెప్పదు, కాబట్టి రాజ్యాంగంలో లేని మనుషులు చెప్పారు.

వాళ్లే గెన్రో, అంటే పెద్దలు. ఇతో, యమగత, కురొద, మత్సుకత, ఇనొవుయె కవొరు, ఓయమ, సయిగో త్సుగుమిచి. దాదాపు అందరూ సత్సుమ, చోషూ ప్రాంతాలవాళ్లు. కొత్త ప్రధాని కావాలంటే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని ఒక పేరు చక్రవర్తికి చెప్పేవారు, చక్రవర్తి ఆ మనిషిని పిలిచి మంత్రివర్గం కట్టమనేవారు. 1901 నుంచి 1913 దాకా కత్సుర, సయొంజి ఇద్దరే ఒకరి తర్వాత ఒకరు పదవి మార్చుకుంటూ వచ్చారంటే ఈ ఏర్పాటు వల్లే.

1924లో మత్సుకత పోయాక మిగిలిన గెన్రో సయొంజి కిన్‌మొచి ఒక్కడే. 1924 నుంచి 1932 దాకా ఆయన ఒక మర్యాద పాటించాడు: పాలన విఫలమై మంత్రివర్గం పడిపోతే ప్రతిపక్ష నాయకుణ్ని, నాయకుడు చనిపోతే అదే పార్టీలో తర్వాతివాణ్ని సూచించడం. 1926 జనవరిలో కతో తకాకి పదవిలో ఉండగా చనిపోతే అదే పార్టీ వకత్సుకి వచ్చింది అందుకే. 1932 మే 15న ఇనుకై త్సుయొషిని నౌకాదళ అధికారులు కాల్చి చంపారు. ఆ లెక్కన అదే పార్టీలోని సుజుకి కిసబురో రావాలి. సయొంజి సూచించింది మాత్రం అడ్మిరల్ సయితో మకొతొను. పార్టీ ప్రభుత్వాల వరుస అక్కడితో తెగింది, యుద్ధం అయ్యేదాకా మళ్లీ అతుక్కోలేదు.

1940 నవంబరులో సయొంజి కూడా పోయాడు. అప్పటికే జులైలో రాజముద్ర సంరక్షకుడు కిదో కోయిచి మాజీ ప్రధానులను కూర్చోబెట్టి అడిగే పద్ధతి మొదలైంది. 1941 అక్టోబరులో తోజో పేరు బయటికి వచ్చింది ఆ గదిలోనే.

మీ గడిని నాలుగు ముక్కలు చేయండి: గెన్రో సమూహం, సయొంజి ఒక్కడు, కిదోతో మాజీ ప్రధానులు, 1947 తర్వాత డైట్. 1945–46లోని హిగషికుని, షిదెహర, తొలి యొషిదలకు నాలుగింటిలో ఏదీ పూర్తిగా అతకదు. ఆజ్ఞ చక్రవర్తిది, ఒప్పుదల యుద్ధంలో గెలిచి వచ్చిన ఆక్రమణ సైన్యాధికారులది. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో గెలిచిన పార్టీ నాయకుడు హతొయమ ఇచిరో. మే 4న ఆయన్ని ప్రజా జీవితం నుంచే నిషేధించారు, కుర్చీ యొషిదకు పోయింది. హతొయమ ఎనిమిదేళ్లు ఆగి 1954 డిసెంబరులో వచ్చాడు.

#7 పాతకాగితం

అనుపమ గారు రాసిన దాంట్లో ఒకటి తగ్గింది. ఎవరు ఎంపిక చేశారన్నది సగం కథ. ఎవరు అడ్డుకున్నారన్నది మిగతా సగం.

1900లో యమగత ఒక నియమం తెచ్చాడు: సైన్య మంత్రి, నౌకా మంత్రి సర్వీసులో ఉన్న జనరల్, అడ్మిరల్ హోదా వాళ్లే కావాలి. దీన్ని ఆయుధంగా వాడే విధానం రెండు మెట్లు. సైన్య మంత్రి రాజీనామా చేస్తాడు. సైన్యం ఇంకొకర్ని పంపదు. సర్వీసులో ఉన్నవాడు పైవాళ్ల మాట కాదని రాడు. మంత్రివర్గం కూలుతుంది. 1912లో రెండు కొత్త డివిజన్లకు డబ్బు ఇవ్వలేదని సైన్య మంత్రి ఉయెహర ఈ పనే చేశాడు, సయొంజి దిగాడు. 1913లో యమమొతొ ఆ నియమాన్ని సడలించాడు. 1936లో ప్రధాని హిరొత మళ్లీ బిగించాడు. మర్నాడే అన్నట్టుగా 1937 జనవరిలో ఉగకి కజుషిగెకు చక్రవర్తి ఆజ్ఞ వచ్చినా సైన్యం మంత్రిని ఇవ్వలేదు. ఆయన స్వయంగా జనరల్ అయి ఉండీ చేతులెత్తేశాడు. 1940 జులైలో యొనయి మంత్రివర్గం పోయిందీ సైన్య మంత్రి హత షున్‌రొకు రాజీనామాతోనే.

ఉగకి పేరు మీ పట్టికలో ఉండదు. ఆజ్ఞ వచ్చి మంత్రివర్గం కట్టలేనివాళ్లకు సంఖ్య లేదు. అలాంటివాళ్లలో నాకు నచ్చేది 1914 నాటి కియొఉర కెయిగొ. నౌకాదళం యుద్ధనౌకల డబ్బు మీద పట్టుబట్టింది, నౌకా మంత్రి దొరకలేదు. పాముచేపల హోటల్ ముందు నిలబడితే వాసన మాత్రం వస్తోంది, విస్తట్లోకి ఏమీ రావడం లేదన్నట్టు ఆయన వాపోయాడట. దాంతో దానికి పాముచేప వాసన మంత్రివర్గం అని పేరు పడిపోయింది. పదేళ్లకు 1924లో 23వ ప్రధాని అయ్యాడు లెండి, అయిదు నెలలు.

#8 సింగరేణి_చిన్నోడు

పదేళ్లు వాసన చూసి అయిదు నెలలు తిన్నడన్నమాట 😀

#9 తూర్పుగాలి

1947 తర్వాతి గడిలో కూడా "డైట్" అని ఒక్క మాట రాస్తే చాలదు. పద్ధతి ఇది.

రెండు సభలూ విడివిడిగా ఓటేస్తాయి. దిగువ సభలో సభ్యుడు తన పేరూ, తాను కోరే వ్యక్తి పేరూ రాసి వేస్తాడు, రహస్యం లేదు. పోలైన ఓట్లలో సగం దాటితే అయిపోయినట్టే. దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత, అక్కడ సగం అక్కర్లేదు, ఎక్కువ వస్తే చాలు. సమానంగా వస్తే చీటీ. సభలు రెండూ చెరొకరిని ఎంచితే ఉభయ సభల ప్రతినిధులతో కమిటీ వేస్తారు. అక్కడా ఒప్పందం కుదరకపోతే దిగువ సభ మాటే చెల్లుతుంది. దిగువ సభ ఎన్నుకున్న పది రోజుల్లో ఎగువ సభ తేల్చకపోయినా అంతే. ఇది 67వ అధికరణం.

సభలు చెరో పేరు చెప్పిన సందర్భాలు ఐదు: 1948లో అషిద–యొషిద, 1989లో కయిఫు–దొయి తకకొ, 1998లో ఒబుచి–కన్, 2007లో ఫుకుద–ఒజవ, 2008లో అసో–ఒజవ. ఐదుసార్లూ మొదటి పేరే ప్రధాని అయింది. 1989లో ఎగువ సభ ఎంచిన దొయి మహిళ. ఆ అధికరణమే లేకపోతే "తొలి మహిళా ప్రధాని" ప్రశ్నకు జవాబు 36 ఏళ్ల ముందే మారిపోయేదేమో.

రెండో విడత అరుదు. 1994లో మురయమ 261, కయిఫు 214. తర్వాత ముప్ఫై ఏళ్లకు, 2024 నవంబరు 11న ఇషిబ 221, నొద 160. ఆ రోజు చెల్లని ఓట్లు 84. రెండో విడతలో ఆ ఇద్దరి పేర్లే చెల్లుతాయి, చిన్న పార్టీలవాళ్లు తమ నాయకుడి పేరే మళ్లీ రాశారు, అవి చెల్లలేదు. 465 మంది సభలో 221 అంటే సగానికి తక్కువ. అయినా ప్రధానే.

#10 లెక్కల_మాస్టారు

తూర్పుగాలి గారు చెప్పింది సరే కానీ, 1955 నుంచి అసలు ఎన్నిక డైట్‌లో జరగదండీ. లిబరల్ డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష ఎన్నికలోనే జరుగుతుంది. డైట్‌లోది మనం పెళ్లి అయ్యాక రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లడం లాంటిది.

ఆ ఎన్నిక లెక్క: నిలబడాలంటే 20 మంది ఎంపీలు పేరు ప్రతిపాదించాలి. ఎంపీకి ఒక ఓటు. ఎంపీలు ఎంతమందో అన్నే ఓట్లు సాధారణ సభ్యులకు, దేశమంతటి సభ్యుల ఓట్ల దామాషాలో పంచుతారు. 2025లో 295, 295, మొత్తం 590. సగం రాకపోతే రెండో విడత. అక్కడ సభ్యుల వాటా 47కు పడిపోతుంది, జిల్లాల్లాంటి 47 ప్రిఫెక్చర్లకు తలా ఒకటి.

అందువల్లే మొదటి విడతలో ముందున్నవాళ్లు రెండోదాంట్లో ఓడుతుంటారు. 2024లో తకయిచి 181, ఇషిబ 154. రెండో విడతలో ఇషిబ 215, తకయిచి 194. 2012లో ఇషిబ 199, అబె 141. అప్పట్లో రెండో విడత ఎంపీలకే, అబె 108, ఇషిబ 89. ఇంకా వెనక్కి, 1956లో కిషి 223, ఇషిబషి తంజన్ 151. రెండోదాంట్లో ఇషిబషి 258, కిషి 251. ఏడు ఓట్ల తేడాతో గెలిచిన ఇషిబషి జబ్బుపడి 65 రోజులకే దిగిపోయాడు, కిషి వచ్చాడు.

మధ్యలో అధ్యక్షుడు తప్పుకుంటే పొట్టి పద్ధతి ఒకటుంది: ఎంపీలు, ప్రిఫెక్చర్‌కు మూడు చొప్పున 141 ఓట్లు. 2020లో సుగ 377తో గెలిచింది అలాగే.

#11 అనుపమ_ఎల్

మాస్టారూ, పెళ్లి పోలిక బాగుంది కానీ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి ఆగిపోయిన సందర్భాలు మీరు వదిలేశారు.

అధ్యక్షులై ప్రధాని కాలేనివాళ్లు ఇద్దరు: కోనొ యోహెయి, తనిగకి సదకజు. పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నాయకులయ్యారు పాపం. కోనొ హయాంలోనే ఇంకో వింత, 1994లో పార్టీ అధికారంలోకి తిరిగొచ్చింది, కానీ ప్రధాని కుర్చీ సోషలిస్టు మురయమకు ఇచ్చింది.

1979లో అయితే పార్టీలో తేలనే లేదు. ఓహిర, ఫుకుద ఇద్దరూ ఒకే పార్టీ, ఇద్దరూ డైట్‌లో నిలబడ్డారు. మొదటి విడత 135, 125. రెండో విడత 138, 121. ఆ పగ ఆరిపోలేదు. 1980 మే 16న అవిశ్వాస తీర్మానం వస్తే సొంత పార్టీ వాళ్లే 69 మంది సభకు రాలేదు. 243–187తో నెగ్గింది. ఓహిర సభను రద్దు చేశాడు, ప్రచారం మధ్యలో జూన్ 12న చనిపోయాడు.

2025లోనూ చూడండి. తకయిచి అక్టోబరు 4న పార్టీలో కొయిజుమి షిన్‌జిరోపై 185–156తో గెలిచింది. 10న కోమెయితో అనే మిత్రపక్షం 26 ఏళ్ల పొత్తు తెంచుకుంది. 20న ఇషిన్ అనే మరో పార్టీతో ఒప్పందం అయ్యాకే 21న డైట్ ఓటు, దిగువ సభలో 237. ఆ పదిహేడు రోజులూ ప్రధాని ఇషిబే. పట్టికలో పార్టీ గెలుపు తేదీ వేస్తే ఇక్కడ పదిహేడు రోజులు తప్పు.

#12 లెక్కల_మాస్టారు

ఒప్పుకున్నాను మేడం. తేదీ గడిలో నియామకం తేదీ మాత్రమే.

#13 వెంకట్_కాకినాడ

మధ్యలో చనిపోయినవాళ్ల దగ్గర ఖాళీలు వస్తున్నాయి. 1923లో కతో తొమొసబురో ఆగస్టు 24న పోతే యమమొతొ సెప్టెంబరు 2న. ఆ గడులు ఎలా నింపాలి?

#14 పాతకాగితం

తాత్కాలిక ప్రధానులకు వేరే గడి పెట్టండి, సంఖ్య ఇవ్వకండి. నాకు ముఖ్యమనిపించేవి ఇవి.

1889 అక్టోబరు 25 నుంచి డిసెంబరు 24 దాకా సంజో సనెతొమి. కురొద రాజీనామాకూ యమగత నియామకానికీ నడుమ రెండు నెలలు. ఆయన్ని లెక్కలో వేసుకున్న పట్టికలో యమగత దగ్గర్నుంచి అన్ని సంఖ్యలూ ఒకటి జరుగుతాయి. ఏదైనా పాత పట్టికలో యమగత నాలుగోవాడుగా కనిపిస్తే కారణం ఇదే.

ఉచిద కోసయి రెండుసార్లు: 1921 నవంబరు 4న టోక్యో స్టేషన్‌లో హర తకషిని పొడిచి చంపినప్పుడు, 1923లో మీరు అడిగినప్పుడు. ఆ రెండో ఖాళీలోనే సెప్టెంబరు 1 మధ్యాహ్నం 11:58కి కాంతో భూకంపం వచ్చింది. టోక్యో తగలబడుతుంటే దేశానికి పూర్తిస్థాయి ప్రధాని లేడు. యమమొతొ మర్నాడే పదవి చేపట్టింది అందుకే.

1936 ఫిబ్రవరి 26 మరీ విచిత్రం. తిరుగుబాటు సైనికులు ఒకద కెయిసుకె అనుకుని ఆయన బావమరిది మత్సువొ దెంజోను చంపారు. ఒకద పనిమనుషుల గదిలో దాక్కున్నాడు, మర్నాడు చావుకు వచ్చినవాళ్లలో కలిసి బయటపడ్డాడు. ఈలోగా ప్రధాని పోయాడనుకుని గొతో ఫుమియొను తాత్కాలికంగా వేశారు. పట్టికలో ఒకద గడువు 1936 మార్చి 9 దాకా ఉండాలి. ఫిబ్రవరి 26తో ఆపేస్తే బతికున్న మనిషిని చంపినట్టే.

2000 ఏప్రిల్ 2న ఒబుచికి పక్షవాతం. కేబినెట్ ప్రధాన కార్యదర్శి అవొకి మికియొ తాత్కాలికం, 4న మంత్రివర్గం రాజీనామా, 5న మొరి. కోమాలోకి వెళ్లే మనిషి తన బదులు ఎవరని ఎలా చెప్పాడని అప్పట్లో పెద్ద రచ్చ. అప్పటినుంచి మంత్రివర్గం ఏర్పడిన రోజే ఐదుగురి పేర్లు వరుసగా రాసిపెడుతున్నారు.

#15 సింగరేణి_చిన్నోడు

పేర్ల గురించి కూడా చెప్పుండ్రి. పేపర్లల్ల షింజో అబే అంటరు, మీరందరు అబె షింజో అంటున్నరు.

#16 అనుపమ_ఎల్

జపాన్‌లో ఇంటిపేరు ముందు, మనలాగే. ఇంగ్లిషు పత్రికలు తిరగేశాయి, మన పత్రికలు వాటినుంచి ఎత్తుకున్నాయి. తెలుగు పట్టికలో తిరగేయడానికి కారణమే లేదు. పైగా మనకు ఒ, ఓ రెండూ ఉన్నాయి, జపాను భాషకూ ఆ తేడా ఉంది. ఇతోలో చివరిది దీర్ఘం, హిరొబుమిలో హ్రస్వం. ఇంగ్లిషులో రెండూ ఒకేలా పడతాయి. తకయిచి, కన్ నవొతొ వంటిచోట్ల య, వ మన నోటికోసం వేసుకున్నవే, అసలులో అచ్చు పక్కన అచ్చు. వెతుక్కునేవాళ్ల కోసం పక్క గడిలో పత్రికల రూపం కూడా ఉంచండి.

ఇంటిపేరు ఒక్కటే రాస్తే కొంపమునుగుతుంది. ఫుకుద ఇద్దరు, తకెయొ (67), యసువొ (91), తండ్రీకొడుకులు. ఇద్దరూ ప్రధానులైన తండ్రీకొడుకులు వీళ్లొక్కరే. హతొయమ ఇద్దరు, తాతామనవలు. అబె ఇద్దరు, నొబుయుకి (36), షింజో, వీళ్ల ఇంటిపేరు రాసే అక్షరాలే వేరు, చుట్టరికం లేదు. సుజుకి ఇద్దరు, తనక ఇద్దరు, కతో ఇద్దరు, ఎవరికెవరూ ఏమీ కారు. 1980లో ఓహిర పోయాక తాత్కాలికంగా ఉన్న ఇతో మసయొషిని ఇతో హిరొబుమి వంశం అనుకోకండి, అక్షరం వేరు.

తిరకాసు ఇటువైపూ ఉంది. కిషి, సతో ఇంటిపేర్లు వేరు, కానీ సొంత అన్నదమ్ములు. వాళ్ల నాన్న కిషి ఇంటినుంచి సతో ఇంటికి దత్తత వచ్చాడు, పెద్దవాడు నొబుసుకె తిరిగి కిషి ఇంటికి దత్తత వెళ్లాడు. అబె షింజో కిషికి కూతురి కొడుకు. అసో తారో యొషిదకు కూతురి కొడుకు.

#17 వెంకట్_కాకినాడ

1885కు ముందు కాలాన్ని కూడా అతికిద్దామనుకుంటున్నాను. షోగన్లు (సైనిక పాలకులు), కంపకులు (చక్రవర్తి కొలువులో ముఖ్య సలహాదారులు)...

#18 పాతకాగితం

అతికించకండి. వేరే పట్టిక పెట్టండి. 1885 డిసెంబరు 22న మంత్రివర్గ పద్ధతి వచ్చేదాకా దజోకన్ అనే పాత ఏర్పాటు, దాని పైన 1871 నుంచి దజో-దయిజిన్‌గా ఉన్నది పైన చెప్పిన సంజోనే. ఆ పదవి పోయి ప్రధాని పదవి వచ్చింది, అక్కడిదాకా కొనసాగింపు చూపొచ్చు. అంతకుముందు ఒకే కాలంలో రెండు మూడు వరుసలు నడుస్తాయి. క్యోతోలో కంపకు, ఎదొలో (నేటి టోక్యో) షోగన్. తొకుగవ షోగన్లు 1603 నుంచి 1867 దాకా 15 మంది, ఆ కాలమంతా కంపకులూ ఉన్నారు. కమకుర కాలంలో షోగన్ పేరుకే, పాలించింది షిక్కెన్ అనే హోజో ఇంటి ప్రతినిధి. ఒక్క నిలువు వరుసలో పెడితే ఏదో ఒకటి అబద్ధమవుతుంది.

1873 జనవరి 1కి ముందు తేదీలు చాంద్రమాన పంచాంగానివి, నేరుగా మార్చకండి. ఆ తర్వాతివాటికి శకం సంవత్సరానికి మెయిజీ అయితే 1867, తయిషో 1911, షోవ 1925, హెయిసెయి 1988, రెయివ 2018 కలిపితే సరి. మెయిజీ 18 అంటే 1885. శకం మారిన ఏడాదుల్లో మాత్రం ఒకే ఏటికి రెండు పేర్లుంటాయి. 1989లో జనవరి 7 దాకా షోవ 64, 8 నుంచి హెయిసెయి 1.

#19 నిర్వాహకుడు

షోగన్ల మీద వేరే చర్చ తెరిచాను, అక్కడ రాయండి. ఇక్కడ 1885 తర్వాతివి మాత్రమే.

#20 తూర్పుగాలి

వెంకట్ గారూ, మీరు పెట్టిన ముసాయిదా చూశాను. మూడు దిద్దుబాట్లు.

46వ వరుసలో కతయమ తెత్సు పక్కన మంత్రుల పేర్లు 1947 మే 24 నుంచి అని రాశారు. ఆ తేదీన నియమితుడైంది ఆయనొక్కడే. పొత్తు బేరాలు తెగక జూన్ 1 దాకా అన్ని శాఖలూ ఆయన చేతిలోనే ఉన్నాయి, ఒంటిమనిషి మంత్రివర్గం. కొత్త రాజ్యాంగం కింద డైట్ ఎన్నుకున్న మొదటి ప్రధాని కూడా ఆయనే, యొషిద కాదు. యొషిద తొలి విడత పాత రాజ్యాంగం కింద చివరిది.

"దిగిపోయిన కారణం" గడిలో అవిశ్వాసం అని ఏడుగురికి పెట్టారు. ఈ రాజ్యాంగంలో అవిశ్వాసం నెగ్గింది నాలుగేసార్లు: 1948, 1953, 1980, 1993. నాలుగుసార్లూ ప్రధాని చేసింది సభ రద్దు, అప్పటికప్పుడు రాజీనామా ఎవరూ చేయలేదు. 1948, 1953 రెండూ యొషిదవే, రెండు ఎన్నికల తర్వాతా మళ్లీ అతనే ప్రధాని.

చివరిది, అన్ని వరుసల్లోనూ "ప్రమాణ స్వీకారం" అని తేదీ పైన శీర్షిక పెట్టారు. అక్కడ మన దగ్గరలా ప్రమాణం చదివించడం ఉండదు. రాజప్రాసాదంలో చక్రవర్తి నియమిస్తున్నానని చెబుతాడు, దిగిపోతున్న ప్రధాని నియామక పత్రం కొత్తవారి చేతికి అందిస్తాడు. శీర్షిక "నియామకం" అని మార్చండి.

#21 వెంకట్_కాకినాడ

మూడూ మార్చాను. ఒకద గడువు మార్చి 9 చేశాను. సంజోను తాత్కాలికుల గడిలోకి జరిపాను, యమగత మళ్లీ 3 అయ్యాడు. 104 దగ్గర వరుస సరిగ్గా ఆగింది.